మూడు – సున్నా – సున్నా

మన హాస్టల్లో నిద్రపోకపోవడం ఒక క్వాలిఫికేషన్. "రాత్రంతా పడుకోలేదు మావా" అని చెప్పేవాడి గొంతులో ఎంత గర్వం ఉంటుందో మీ అందరికీ తెలుసు. ఇంటర్నల్స్ ముందు రోజు నైట్ అవుట్, ప్రాజెక్ట్ రివ్యూ ముందు రోజు నైట్ అవుట్, ఏ పనీ లేకపోతే వెబ్ సిరీస్‌తో నైట్ అవుట్. నేనూ అలా చెప్పుకు తిరిగినవాణ్ణే. అందుకే పోయిన ఏడాది సెప్టెంబర్లో, రాత్రికి రెండు గంటలు మించి పడుకోకుండా వరసగా పన్నెండు రోజులు క్లాసులకి వస్తే ఎవరూ పట్టించుకోలేదు. ఒకడైతే "ఏరా, గేట్‌కి ఇప్పట్నించే మొదలెట్టేశావా?" అన్నాడు.

గేట్‌కి కాదు. మూడు చిన్న తెల్ల మాత్రల వల్ల.

మొదట్నుంచి చెప్తాను. ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు పొద్దున్న అద్దంలో చూసుకుంటే కళ్ళ కింద ఉబ్బి ఉంది. సరిగ్గా పడుకోలేదేమో అనుకున్నా. సాయంత్రానికి మొహం మామూలైపోయి, ఆ వాపు కాళ్ళకి దిగింది. సాక్స్ తీస్తే చుట్టూ లోతుగా గాడి. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గానీ పూడేది కాదు. ఇంకో గుర్తు కూడా ఉంది, చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉన్నా చెప్పాలి: మూత్రంలో నురుగు. సబ్బునీళ్ళు పోసినట్టు. ఈ మ్యాగజైన్ చదివే ఎవరికైనా అది కనిపిస్తే సిగ్గుపడి వారం రోజులు ఊరుకోకండి. నేను ఊరుకున్నాను.

టెస్టుల్లో మూత్రంలో ప్రోటీన్ 4+ అని వచ్చింది. రక్తంలో ఆల్బుమిన్ 1.9. మూడున్నరకి పైన ఉండాలట. బోర్లా పడుకోబెట్టి వీపు వైపు నుంచి సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీశారు. రిపోర్టు వచ్చాక జబ్బు పేరు చెప్పారు, మినిమల్ చేంజ్ డిసీజ్. పేరు వినగానే 'చిన్న మార్పే కదా' అని నాన్న ఊపిరి పీల్చుకున్నారు. ఆ పేరు ఎందుకొచ్చిందంటే, మామూలు మైక్రోస్కోపులో చూస్తే కిడ్నీ దాదాపు బాగున్నట్టే కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తేనే, వడపోత చేసే కణాల కాళ్ళలాంటి భాగాలు చదునైపోయి ఉండడం తెలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఫిల్టర్ బయటికి బానే ఉంది, మెష్ పాడైంది. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీన్ బయటికి పోతోంది, బయటికి పోవాల్సిన నీరు ఒంట్లో నిలిచిపోతోంది.

దీనికి మందు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్. కేజీ బరువుకి 1 ఎంజీ చొప్పున. నీరు తీసేస్తే నా బరువు 60, కాబట్టి రోజుకి 60 ఎంజీ. 20 ఎంజీ మాత్రలు మూడు. చీటీలో మందు పేరు పక్కన 3-0-0 అని రాశారు. పొద్దున మూడు, మధ్యాహ్నం సున్నా, రాత్రి సున్నా. మందుల చీటీ చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

మాకూ అర్థమైంది. కానీ మా అమ్మకి నచ్చలేదు. "ఒకేసారి మూడేంటి? అది కడుపా, మందుల షాపా? పూటకొకటి వేసుకో, ఒంటికి పడుతుంది" అంది. మా ఇంట్లో జ్వరం మాత్ర నుంచి కషాయం దాకా ఏదైనా మూడు పూటలే. నేనేం చేశాను? ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నవాణ్ణి, ఆలోచించాను కూడా. మొత్తం 60 అయితే చాలు కదా, ఎప్పుడు ఎంత అన్న దాంతో పనేంటి అనుకున్నా. అలా 3-0-0 కాస్తా 1-1-1 అయిపోయింది. ఇందులో డాక్టర్ తప్పు లేదు, మందుల షాపు వాళ్ళ తప్పూ లేదు. అది మా వంటింట్లో జరిగిన మార్పు.

మందు మాత్రం అద్భుతంగా పనిచేసింది. వాపు తగ్గే మాత్ర కూడా ఇచ్చారు కాబట్టి పది రోజుల్లో ఒంట్లో నీరంతా దిగిపోయింది. ఏడు కేజీలు. కాళ్ళ ఎముకలు మళ్ళీ కనిపించాయి. అమ్మ ఊళ్ళో అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. రెండు వారాలకి హాస్టల్‌కి వచ్చేశాను.

ఇక రాత్రుల సంగతి. నిద్ర రాకపోవడం అంటే అప్పటిదాకా నాకు తెలిసింది నిద్ర ఆపుకోవడం. ఇది వేరు. కళ్ళు మంటలు, ఒళ్ళు నొప్పులు, పడుకోవాలని ప్రాణం లాగేస్తుంటుంది. కానీ తలలో ఎవరో ట్యూబ్‌లైట్ వేసి స్విచ్ పీకేసి పట్టుకుపోయినట్టు ఉంటుంది. గుండె చప్పుడు దిండులోంచి వినిపిస్తుంది. ఫ్యాన్ ఎన్ని తిరుగుళ్ళకోసారి కిర్రుమంటుందో లెక్క తెలిసిపోయింది. పక్క మంచం మీద మా రూమ్మేట్ (మాది గోదావరి జిల్లా, ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం, ఇక్కడా అలాగే రాస్తాను) గురక పెడుతుంటే, వాడి మీద నాకు అసూయ కాదు, పగ పుట్టేది.

అదొక్కటే అయితే కష్టమని తెలిసేది. చిక్కేంటంటే కొన్ని రాత్రులు చాలా బాగుండేవి. రెండింటికి లేచి కూర్చుంటే ఆలోచనలు వరదలా వచ్చేవి. ప్రపంచంలో ఉన్న ప్రతిదీ ఇంకోదానితో ముడిపడి ఉన్నట్టు, అది నాకొక్కడికే కనిపిస్తున్నట్టు. ఈ మ్యాగజైన్ ఎడిటర్ గారికి గుర్తుండే ఉంటుంది, సెప్టెంబర్లో ఒకే రాత్రి నా నుంచి ఏడు కవితలు వెళ్ళాయి. ఎనిమిదోది తెల్లారి ఐదింటికి. ఆయన మర్యాదగా "పరిశీలిస్తాం" అని జవాబిచ్చారు. మొన్న తీసి చదువుకున్నాను. 'చీకటి' అనే మాట ముప్పై ఒక్కసార్లు ఉంది. అర్థం ఒక్కసారి కూడా లేదు. సారీ ఎడిటర్ గారూ.

అలాంటి ఒక రాత్రే ఈ మందు పుట్టుక గురించి చదివాను. 1948 సెప్టెంబర్లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్ళవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ళ ఆవిడకి ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు మొదటిసారి కార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆవిడ లేచి, నడిచి, షాపింగ్‌కి వెళ్ళొచ్చింది. రెండేళ్ళకే, 1950లో, హెంచ్‌కీ ఆయనతో పనిచేసిన కెండాల్‌కీ స్విట్జర్లాండ్‌లో అదే పని చేస్తున్న రైక్‌స్టైన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. చదువుతూ మంచం మీద కూర్చుని చప్పట్లు కొట్టినంత పని చేశాను. కింద ఇంకో పేరా ఉంది. మందు వాడేకొద్దీ మొహాలు గుండ్రంగా మారడం, మనసు అటూ ఇటూ ఊగిపోవడం మొదటి రోజుల్లోనే కనిపించాయని. అది సరిగ్గా చదవలేదు. మన సిలబస్‌లో లిమిటేషన్స్ అన్న హెడింగ్ చదవం చూడండి, అలా.

మూడో వారం చివర్లో రివ్యూకి వెళ్ళాను. డాక్టర్ గారు ఎలా ఉన్నావని అడిగితే, "రాత్రి మాత్ర వేసుకున్నాక అస్సలు నిద్ర రావట్లేదు మేడమ్" అన్నాను.

ఆవిడ పెన్ను ఆగిపోయింది. "రాత్రి మాత్రా? ఏ రాత్రి మాత్ర?"

చెప్పాను. తిడతారనుకున్నా. తిట్టలేదు. నా పాత రిపోర్టు వెనక్కి తిప్పి ఒక కర్వ్ గీశారు. కార్టిసాల్ అనే హార్మోన్ మన ఒంట్లో తెల్లవారుజామున పెరిగి, నిద్ర లేచే వేళకి పతాక స్థాయిలో ఉండి, రోజంతా తగ్గుతూ అర్ధరాత్రికి అడుక్కి చేరుతుంది. నేను మింగుతున్నది దాని తమ్ముడే, కాకపోతే బలవంతుడు. పొద్దున్న వేసుకుంటే ఒంటి లెక్కతో కలిసిపోతుంది. రాత్రి భోజనం చేసి వేసుకుంటే ఒంటికి ఏమని చెప్పినట్టు? "తెల్లారింది, లే" అని. మూడు వారాల పాటు రోజూ రాత్రి తొమ్మిదింటికి నేను నా ఒంటికి అదే చెప్తున్నాను.

"రేపట్నించి టిఫిన్ తినగానే మూడూ ఒకేసారి. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు. మొత్తం తగ్గిపోతుందని చెప్పను, డోసు ఎక్కువే ఉంది. కానీ కొంచెం పడుకోగలవు" అన్నారు.

అలాగే జరిగింది. రెండు గంటల నిద్ర వారంలో నాలుగున్నర అయింది. నాలుగున్నర గంటలు అంటే ఎంత ఆస్తో అది పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది. అమ్మకి ఫోన్ చేసి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా వల్లేనా?" అంది. కాదమ్మా అన్నాను. ఆ రోజు నుంచి పొద్దున్న ఏడున్నరకి ఫోన్. హలో లేదు, ఏమీ లేదు. "మూడూనా?" "మూడూ." పెట్టేసేది.

మిగతా రాత్రి ఉంటుంది కదా, రెండున్నర నుంచి ఆరు దాకా. దాన్ని ఏం చెయ్యాలో నేర్పింది డాక్టర్లు కాదు, మన హాస్టల్ వాచ్‌మన్ తాత. వరండాలో తచ్చాడుతున్న నన్ను చూసి, సంగతంతా విని, "నిద్ర రానప్పుడు మంచం మీద దాంతో కుస్తీ పట్టకూడదు బాబూ. మంచానికి కోపమొస్తది. లేచి ఎక్కడో కూర్చో, కునుకు వచ్చినప్పుడు పో" అన్నాడు. ఆయన ఇరవై ఏళ్ళుగా రాత్రి డ్యూటీ చేస్తున్నవాడు, ఈ సబ్జెక్టులో ప్రొఫెసర్ లెక్క. తర్వాత డాక్టర్ గారికి చెప్తే, నిద్రలేమికి చేసే చికిత్సలో అది కూడా ఒక భాగమే అన్నారు.

ఎక్కడో కూర్చోవాలంటే ఎక్కడ? నాలుగింటికి వెలుతురు ఉండేది ఒక్క మెస్ వంటింట్లోనే. పైగా ఆకలి. స్టెరాయిడ్ ఆకలి గురించి ఒక మాట చెప్పాలి. అది కడుపులో పుట్టే ఆకలి కాదు. రాత్రి ఆరు చపాతీలు తిన్నవాడికి, మూడింటికి, గోడ మీద అంటించిన పిజ్జా పాంప్లెట్ చూసి కన్నీళ్ళు రావడం ఆ ఆకలి. అలా ఒకరోజు వాసన పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. వంట మాస్టర్ పైకీ కిందకీ చూసి, "ఊరికే నిలబడితే ఏం పెట్టను, వెల్లుల్లి ఒలువు" అన్నాడు.

అప్పట్నుంచి నెలన్నర నేను తెల్లవారుజామున వెల్లుల్లి ఒలిచాను. నా చేతులు సన్నగా వణికేవి (అదీ మందు పనే, ల్యాబ్‌లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే పార్ట్‌నర్ రెండడుగులు వెనక్కి జరిగేవాడు), అయినా వెల్లుల్లికి ఆ మాత్రం చాలు. నాకు ఉప్పు తగ్గించమన్నారు, ఊరగాయ, అప్పడం, చిప్స్ బంద్ అని తెలిశాక మాస్టర్ ఒక ఏర్పాటు చేశాడు. పప్పులో ఉప్పు వెయ్యకముందే రెండు గరిటెలు తీసి నా స్టీలు గిన్నెలో పోసి, విడిగా నిమ్మకాయ, జీలకర్ర, ఎండుమిర్చితో పోపు పెట్టేవాడు. ఆవకాయ లేని జీవితం గురించి నేను ఇంకో వ్యాసం రాయగలను. ఆ చప్పటి పప్పు మాత్రం నాకు ఎవరూ చెయ్యనంత పెద్ద సాయం. నాలుగు వందల మందికి వండే మనిషి ఒక్కడి కోసం ఉప్పు వెయ్యడం రెండు నిమిషాలు ఆపేవాడు.

రాత్రి సంగతి అలా ఒక దారిన పడింది. పగటి సంగతి పడలేదు.

నా మొహం రెండుసార్లు ఉబ్బింది. మొదటిసారి జబ్బుతో, రెండోసారి మందుతో. మొదటి వాపు మధ్యాహ్నానికి దిగేది. రెండోది దిగదు. బుగ్గలు రెండూ చెవులకి అడ్డం వచ్చేశాయి, పూర్ణం బూరెకి కళ్ళద్దాలు పెట్టినట్టు. వీపు నిండా మొటిమలు, పొట్ట పక్కన ఎర్రటి చారలు. మూడో అంతస్తుకి మెట్లెక్కాలంటే తొడలు సహకరించేవి కావు, రెయిలింగ్ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాలి. దీని మీద ఒక జోకు ఉంది. నేను స్టెరాయిడ్స్ వాడుతున్నానని ఫ్లోర్ అంతా తెలిసింది. "జిమ్‌కి ఎప్పుడెళ్తున్నావ్ రా, మాకూ చెప్పు" అని ఇద్దరు సీరియస్‌గా వచ్చి అడిగారు. బాడీ బిల్డర్లు వాడేవి వేరే జాతి స్టెరాయిడ్లు, అవి కండ పెంచుతాయి. నావి కండని తినేస్తాయి. ఇది ఒక్కొక్కరికీ చెప్పలేక "సాయంత్రం బ్యాచ్" అని చెప్పేవాణ్ణి. ఇక ఊళ్ళో చుట్టాలది ఇంకో గొడవ. "స్టెరాయిడా! కిడ్నీలు పోతాయిరా" అని. కిడ్నీలు ఆగడానికే వేస్తున్నారు అత్తా అంటే వినరు. పసరు మందు ఇచ్చే ఆయన అడ్రసు మూడు వేర్వేరు వాట్సాప్‌ల నుంచి వచ్చింది.

ఇవన్నీ నవ్వుతూ రాస్తున్నాను గానీ, నవ్వలేనిది ఒకటుంది. దసరాకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ నా కోసం విడిగా, ఉప్పు లేకుండా పులిహోర చేసింది. పక్కన అందరి విస్తళ్ళలో అసలు పులిహోర. నేను ఒక ముద్ద తిని, కంచం తోసేశాను. తోసేశాను అని మర్యాదగా రాస్తున్నా. అది వెళ్ళి గోడకి తగిలింది. ఏమన్నానో ఇక్కడ రాయను. మా మామ్మ పూజ గదిలోంచి బయటికొచ్చి నిలబడిపోయింది. నేను పుట్టాక ఆ ఇంట్లో నా గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. నాన్న లేవబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, "వాడు కాదండీ. మందు మాట్లాడుతోంది" అంది. అంటూనే కింద మెతుకులు ఏరడం మొదలెట్టింది.

ఆ మాట నన్ను కాపాడాలనే అంది. కానీ అప్పట్నుంచి అది నా లోపల తిరుగుతూనే ఉంది. కోపం మందుదైతే మరి కవితలు? ఆ రెండింటి రాత్రి సంతోషం? వాచ్‌మన్ తాతతో కూర్చుని ఏడ్చింది నేనా, 60 ఎంజీనా? కాలిక్యులస్‌లో లాగా ఒక్కో వేరియబుల్‌ని విడిగా పట్టుకుని చూద్దామంటే కుదరదు. నాలో ఎంత నేనో తెలియాలంటే మందు ఆపి చూడాలి.

ఆపి చూశాను.

ఇది నవంబర్ చివర సంగతి. ఆరో వారానికే మూత్రంలో ప్రోటీన్ ఆగిపోయింది. రోజూ పొద్దున్నే స్ట్రిప్ ముంచి నిమిషం తర్వాత రంగు చూడాలి. పసుపుగా ఉంటే ఏం లేనట్టు, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ప్రోటీన్ ఉన్నట్టు. నా నోట్‌బుక్‌లో వరసగా నిల్, నిల్, నిల్. డోసు మెల్లగా దించుతూ 30కి తెచ్చారు. ఒక 20, ఒక 10, రెండు మాత్రలు. నా లెక్క ప్రకారం జబ్బు పోయింది, మిగిలింది మందే. ఫెస్ట్ రెండు వారాల్లో ఉంది. క్లబ్ గ్రూప్ ఫోటో, స్టేజి మీద మన నాటిక. పోయిన ఏడాది ఫోటో పక్కన ఈ మొహం పెట్టి చూసుకున్నాను. ఒక గురువారం పొద్దున్న మాత్రలు స్ట్రిప్‌లోంచి తీసి, నోట్లో వేసుకోకుండా, పాత జామెట్రీ బాక్సులో పెట్టాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. అది ఖరీదైన మందేం కాదు, అయినా నాన్న బస్సులో వచ్చి ఇచ్చి వెళ్ళినవి.

ఏడున్నరకి ఫోన్. "రెండూనా?" "రెండూ."

ఆ రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నాను. శుక్రవారం కూడా. మూడు నెలల తర్వాత కలలు వచ్చాయి. చూశారా, నేననుకున్నదే కరెక్టు అనుకున్నా. శనివారం నిద్ర తగ్గలేదు, మెలకువ తగ్గింది. ఒంట్లో కీళ్ళన్నీ తుప్పు పట్టినట్టు, బకెట్ ఎత్తలేకపోయాను. ఆదివారం ఏం తిన్నా వాంతి. బావ జ్వరం మాత్ర తెచ్చాడు. "నీ మందులు వేసుకున్నావా?" అంటే వేసుకున్నా అన్నాను. వాడితో కూడా. ఆదివారం రాత్రి బాత్రూమ్‌కని లేచి నిలబడ్డాను. కళ్ళు చీకట్లు కమ్మడం వరకే గుర్తుంది.

మిగతాది బావ చెప్పింది. వాడూ వాచ్‌మన్ తాతా కలిసి ఆటోలో ఎక్కించారు. బావ నా కార్డు, డబ్బుల కోసం టేబుల్ సొరుగు లాగితే జామెట్రీ బాక్సు కింద పడి తెరుచుకుంది. ఎనిమిది మాత్రలు. వాడు మెకానికల్ వాడు, మందుల గురించి ఏమీ తెలియదు. అయినా ఆ బాక్సు జేబులో పెట్టుకుని వచ్చి, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ముందు బల్ల మీద పెట్టాడు. బీపీ 80/50 ఉందట అప్పుడు. ఆ మాత్రలు చూడగానే ఏం చెయ్యాలో వాళ్ళకి తెలిసిపోయింది. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్. అవి లేకపోతే నన్ను ఫుడ్ పాయిజన్ కేసనుకుని ఎంతసేపు చూసేవారో అని ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడు మా డాక్టర్ గారు వచ్చారు. ఈసారి తిట్టారు. తిట్టడం అయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. అదంతా నేను ఆ సెమిస్టర్‌లోనే కంట్రోల్ సిస్టమ్స్‌లో చదువుకున్నాను, వేరే పేర్లతో. మెదడులో హైపోథాలమస్, దాని కింద పిట్యూటరీ. కార్టిసాల్ తగ్గితే పిట్యూటరీ సిగ్నల్ పంపుతుంది, కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు తయారుచేస్తాయి. ఎక్కువైతే సిగ్నల్ తగ్గుతుంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్, బోర్డు మీద బ్లాక్ డయాగ్రమ్ గీసి పది మార్కులు కొట్టొచ్చు. ఒళ్ళు తనంతట తాను రోజుకి చేసుకునేది సుమారు 5 ఎంజీ ప్రెడ్నిసలోన్‌కి సమానం. నేను బయట్నుంచి 60 పోశాను, పన్నెండు రెట్లు. పైవాడు చూసి, సరుకు దండిగా ఉంది కదా అని సిగ్నల్ ఆపేశాడు. పనిలేని గ్రంథులు నెలల తరబడి అలా ఉండి కుంచించుకుపోతాయి. మెల్లమెల్లగా దించితేనే అవి మళ్ళీ పనిలో పడతాయి. ఒక్కసారి ఆపేస్తే బయట సరుకూ లేదు, లోపల సరుకూ లేదు.

"ఇన్నాళ్ళూ నువ్వు మేలుకుని ఉన్నావు, అవి నిద్రపోయాయి" అన్నారావిడ. "వాటిని లేపకుండా కాపలా ఎత్తేశావు."

బుధవారం స్ట్రిప్ ఆకుపచ్చగా వచ్చింది. 3+. జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ 60. మళ్ళీ మొదటి మెట్టు నుంచి. రెండు పేపర్లు రాయలేకపోయాను, ఆ సప్లీలు ఈ మధ్యే క్లియర్ చేశాను. నాటికలో నా వేషం బావ వేశాడు. డైలాగులు మర్చిపోయి మధ్యలో సొంతంగా ఏదో చెప్తే జనం చప్పట్లు కొట్టారట. గ్రూప్ ఫోటోలో నేను లేను. మొహం దాచుకోవాలనుకున్నాను కదా, బాగానే దాక్కున్నాను.

అమ్మ వచ్చి హాస్పిటల్లో నాలుగు రోజులు ఉంది. అబద్ధం గురించి ఒక్క మాట అడగలేదు. మూడో రోజు రాత్రి, నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతుంటే కింద చాప మీద నుంచి, "పులిహోర విసిరావు చూడు" అంది చీకట్లో. "ఊ" అన్నా. "ఉప్పు లేకుండా నేనూ తిన్నాలే తర్వాత. నిజంగానే ఘోరంగా ఉందిరా." ఇద్దరం నవ్వాపుకోలేక, పక్క బెడ్ వాళ్ళు తిట్టేదాకా నవ్వాం. ఆ నవ్వు మందుదో నాదో నేను లెక్క వెయ్యలేదు.

రెండోసారి కొన్ని పనులు వేరేగా చేశాను. క్లాసులో, ఫ్లోర్‌లో, ల్యాబ్‌లో అందరికీ ముందే చెప్పేశాను: ఈ నెలలు నేను విసుక్కుంటాను, తర్వాత సారీ చెప్తాను, రెండూ గుర్తుపెట్టుకోండని. పర్సులో ఒక కార్డు పెట్టుకున్నాను, 'నేను స్టెరాయిడ్ మీద ఉన్నాను, ఒక్కసారిగా ఆపకూడదు' అని తెలుగులో, ఇంగ్లీషులో. జ్వరం, వాంతులు ఏవొచ్చినా ముందు అది చూపించాలి. రాత్రి రెండింటికి గొప్ప ఆలోచన వస్తే రాసుకుని, మధ్యాహ్నం రెండింటికి చదువుకుని, అప్పటికీ బాగుంటేనే ఎవరికైనా పంపాలి. ఈ రూలు వల్ల మీరు పద్నాలుగు కవితల నుంచి తప్పించుకున్నారు. బతికింది ఒక్కటే వ్యాసం, ఇది. పదకొండింటికి ఒళ్ళు బరువెక్కకపోతే వంటింటికే. మాస్టర్ ఇప్పుడు వెల్లుల్లి ఇవ్వట్లేదు, ఉల్లిపాయలకి ప్రమోషన్ ఇచ్చాడు. మొహం మెల్లగా పాత కొలతకి వస్తోంది. చెవులు కనిపిస్తున్నాయని మా మామ్మ వీడియో కాల్‌లో చెప్పింది.

ఇప్పుడు రోజుకి 5 ఎంజీ. ఒకే ఒక్క మాత్ర, గోరంత. పొద్దున్నే ఫోన్ మాత్రం ఆగలేదు. "ఒకటేనా?" "ఒకటే."

రేపు ఆ ఫోన్‌కి వేరే జవాబు చెప్పాలి. రేపు మాత్ర వేసుకోకుండా, సరిగ్గా ఉదయం ఎనిమిదింటికి ల్యాబ్‌లో రక్తం ఇవ్వాలి. ఆ వేళకి కార్టిసాల్ ఎంతుందో చూస్తే, లోపల పడుకున్నవాళ్ళు సొంతంగా లేచి పనిలోకి వచ్చారో లేదో తెలుస్తుంది. రక్తం ఇచ్చిన వెంటనే మాత్ర వేసుకోవాలి. అది బావ జేబులో ఉంటుంది. నా దగ్గర ఉంచనన్నాడు. జామెట్రీ బాక్సు కూడా వాడి దగ్గరే ఉంది, తిరిగి ఇవ్వమంటే సాక్ష్యం అంటాడు.

టైమ్ పదీ నలభై అయింది. వాడు అలారం పెట్టి, స్విచ్ మీద చెయ్యి వేసి నన్నే చూస్తున్నాడు.